అడుగు చేప చేతికి చీపురు ఇవ్వకండి

పెరట్లో చిన్న చెరువు కట్టించుకున్నవాళ్లు కొన్నాళ్లకి అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు. అడుగున పేరుకుంటున్న ఈ మడ్డిని తినేసే చేప ఏదైనా ఉందా అని. అక్వేరియం షాపులో అడిగితే ఆలోచించకుండా ఉందంటారు. ఒళ్లంతా మచ్చలతో, గాజుకి నోరు ఆనించి వేలాడే సక్కర్ ఫిష్ పిల్లని కవర్లో పోసి చేతిలో పెడతారు. నాలాగే నాటు చేపల పిచ్చి ఉన్నవాళ్లని అడిగితే, "అది విదేశీదండీ, వద్దు, మన జెల్లలు వెయ్యండి, మన మార్పు చేపలు వెయ్యండి, అడుగు సంగతి అవే చూసుకుంటాయి" అంటారు. మొదటి సలహా వింటే నాకు చిరాకు. రెండోది వింటే ఇంకా చిరాకు, ఎందుకంటే అది మనవాళ్ల నోటి నుంచి వస్తోంది. రెండిట్లోనూ ఉన్నది ఒకటే అబద్ధం. అడుగున తిరిగే ఏ చేపా అడుగుని శుభ్రం చెయ్యదు, దేశవాళీదైనా సరే, విదేశీదైనా సరే.

చెరువులో పడిన ఏ వస్తువూ మాయమైపోదు. చేప మేత తింటే అందులో కొంత ఒంటికి పడుతుంది, మిగతాది పెంటగానూ, మొప్పల్లోంచి అమ్మోనియాగానూ తిరిగి ఆ నీళ్లలోకే వస్తుంది. శుభ్రం కోసం ఇంకో చేపని వేస్తే పెంట వేసేది ఇంకొకటి పెరిగినట్టే. పైగా ఆ మడ్డిలో ఎక్కువ భాగం ఏ చేపా ఇష్టపడి తినేది కాదు. కుళ్లిన ఆకులు, చచ్చిన నాచు, గాలికి కొట్టుకొచ్చిన దుమ్ము, చేపలు వేసిందే మళ్లీ. వాటిని నిజంగా తినేవి కంటికి కనపడని బాక్టీరియా, నత్తలు, ఎర్రటి దారప్పోగుల్లా కదిలే సన్న పురుగులు. అడుగు చేపలు తినేది ఆ పురుగుల్ని. అంటే జెల్లకి కావాల్సింది శుభ్రమైన అడుగు కాదు, పురుగులున్న అడుగు. దాన్ని తెచ్చి, టైల్స్ వేసి తోమిన తొట్టిలో వదిలి, "ఇక నువ్వు చూసుకో" అంటే అది ఆకలితో చిక్కిపోతుంది తప్ప మనకి పని చేసిపెట్టదు.

ఇంత చిన్న విషయం మీద ఇంత పట్టుదల ఎందుకంటారేమో. ఈ ఒక్క నమ్మకం వల్లే సక్కర్ ఫిష్ మన కాలువల్లోకి వచ్చిందని నా అభిప్రాయం. దీని సొంతూరు దక్షిణ అమెరికా. షాపులో వేలెడంత ఉన్నప్పుడు నాచు గీకుతుంది, నిజమే. పెరిగి అడుగు పొడవు దాటాక గీకడం తగ్గి పెంట పెరుగుతుంది, ఒళ్లంతా పొలుసులకి బదులు గట్టి ఎముక పలకలు, చేత్తో పట్టుకుంటే ఆకురాయి పట్టుకున్నట్టే. అప్పుడు ఇంట్లోవాళ్లకి అది అసహ్యంగా కనిపిస్తుంది. చంపడానికి మనసొప్పదు, తినడానికి నోరొప్పదు, సాయంత్రం చీకటిపడ్డాక బకెట్లో వేసుకెళ్లి కాలువలో వదిలి, ప్రాణం కాపాడిన పుణ్యం కూడా లెక్కేసుకుంటారు. అది కాలువలో నిక్షేపంగా బతుకుతుంది. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే పైకొచ్చి గాలి మింగి పొట్టతోనే పీల్చుకుంటుంది, గట్టుకి బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, మగది కాపలా కాస్తుంది. దాన్ని మింగబోయిన చేప గొంతులో ఆ ముళ్లు అడ్డం పడతాయి. మా జిల్లాలో వల వేసేవాళ్లని అడిగితే దీన్ని దెయ్యం చేప అంటారు, వలలో పడిందంటే దాన్ని విడిపించేసరికి వల చిరుగుతుంది, అమ్ముదామంటే కొనేవాడుండడు. హైదరాబాద్ సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు నీటిలో కరిగిన డీఎన్ఏ ఆనవాళ్లు పట్టుకుని తూర్పు కనుమల్లోని చెరువుల్లో ఇది ఎంత దూరం పాకిందో వెతికారు కూడా. ఇదంతా ఒక గాజు తొట్టె అడుగుని ఎవరో తోమిపెట్టాలన్న ఆశతో మొదలైన వ్యవహారం.

కోయి చేపల సంగతి కూడా చెప్పేస్తాను, దీనికి నాకు కొందరు మిత్రులు దూరమైనా సరే. కోయి అంటే రంగులద్దిన బంగారు తీగ చేపే (కామన్ కార్ప్), జాతి ఒకటే. బంగారు తీగ మనది కాదు, 1939లో సిలోన్ నుంచి నీలగిరులకి ఒక రకాన్ని, 1957లో బ్యాంకాక్ నుంచి ఇంకో రకాన్ని తెచ్చారు. దాని స్వభావమే అడుగుని తవ్వడం. నోటినిండా మట్టి తీసుకుని, తినేది తిని, మిగతాది ఉమ్మేస్తుంది, కలువ దుంపల్ని పెకలిస్తుంది, రోజంతా నీళ్లు బురదగా ఉంచుతుంది. అందుకే కోయి పెంచేవాళ్లు అడుగున మట్టి లేకుండా, పెద్ద ఫిల్టరు పెట్టి, నున్నటి తొట్టి కట్టుకుంటారు. అది వాళ్ల ఇష్టం, అందులో తప్పేమీ లేదు. నా గొడవల్లా ఆ తొట్టి నమూనానే పెరటి చెరువంటే ఇదే అనుకుని మిగతా అందరూ కట్టేసుకోవడం మీద. నీలం టైల్స్, మధ్యలో ఫౌంటెన్, రెండడుగుల లోతు, పైన ఎండ. ఇసుకలో దూరి బతికే బొమ్మిడాయి ఆ తొట్టిలో వారం రోజులు కూడా బతకదు.

దేశవాళీ అడుగు చేపలకి మన దగ్గర రెండే చోట్లు దొరికాయి. ఒకటి పులుసు గిన్నె. ఆ మాట నిందగా అనడం లేదు, బొమ్మిడాయిల పులుసు అంటే నేనూ మొహమాటపడను. రెండోది చంపాల్సిన వాటి జాబితా. బొచ్చె, రాగండి పెంచే చెరువులో పిల్ల వేసే ముందు పాత నీళ్లలో ఉన్న చేపల్నన్నిటినీ తీసెయ్యాలి, లేకపోతే పిల్లని తినేస్తాయి, మేత పంచుకుంటాయి. దానికి పుస్తకాల్లో చెప్పే పద్ధతి హెక్టారుకి సుమారు 2,500 కిలోల ఇప్ప పిండి (ఇప్ప గింజల నూనె తీశాక మిగిలే చెక్క) చల్లడం. ఆ పిండిలో ఉండే సాపోనిన్ చేపల రక్తాన్ని దెబ్బతీస్తుంది, అన్నీ తేలిపోతాయి. జెల్లలు, ఇసుక దొందులు, మట్టగిడసలు, పరిగెలు, మార్పులు అన్నీ ఆ లెక్కలో కలుపు కిందకే వస్తాయి. రైతుని తప్పు పట్టను, అప్పు తెచ్చి పిల్ల వేసినవాడు వాలుగకి మేతగా వెయ్యలేడు. కొల్లేరు చుట్టుపక్కల అడుగున తినే ఎర్రమోసుని కూడా చాలామంది వదిలేశారు, లాగుడు వలకి సరిగ్గా దొరకదు, ధర రాదు. పొలాల్లో మందులు, ఏడాదంతా నిలవని నీళ్లు, పూడిన బోదెలనే పిల్ల కాలువలు, ఇవన్నీ కలిసి మార్పుని ఎక్కడికి నెట్టాయో చూడండి, మన దేశపు మార్పు ఇవాళ అంతర్జాతీయ రెడ్ లిస్టులో ప్రమాదంలో ఉన్న జాతి. చిన్నప్పుడు వరికోతల ముందు మడిలో చేత్తో పట్టిన చేప అది.

కాబట్టి పెరట్లో పెంచితే అడుగు చేపని దాని కోసమే పెంచాలి. మన పనికోసం కాదు. ఇదే నేను చెప్పదలుచుకున్నది.

"కనపడని చేపని పెంచుకోవడం ఎందుకు" అన్నది దీనికి వచ్చే గట్టి అభ్యంతరం, దాన్ని తేలిగ్గా తీసిపారెయ్యలేం. మా ఇంటికొచ్చిన చుట్టాలు చెరువు దగ్గర నిలబడి, కలువలు చూసి, పైన తిరిగే పరిగెలు చూసి, "ఇంతేనా?" అంటారు. మధ్యాహ్నం పూట చూస్తే అంతే. అడుగు చేపల్ని చూడాలంటే వేళ మార్చుకోవాలి. దీపాలు పెట్టే వేళకి జెల్లలు కలువ కుండీల సందుల్లోంచి గుంపుగా బయటకొస్తాయి, మీసాలు ముందుకి చాచి అడుగుని తడుముకుంటూ ఒకదాని వెనక ఒకటి తిరుగుతాయి, ఒక్కటి ఉంటే మాత్రం దాక్కునే ఉంటుంది, అందుకే వేస్తే ఆరేడు వెయ్యాలి. చారల జెల్లని చేత్తో పట్టుకుంటే వీపు ముల్లుతో తేనెటీగలా ఝుమ్మని చప్పుడు చేస్తుంది, మైసూరు వైపు దానికి ఫిడేలు వాయించేవాడన్న పేరు ఉందట. ముల్లు గుచ్చుకుంటే చెయ్యి సాయంత్రం దాకా సలుపుతుంది, అది వేరే సంగతి.

ఇసుక దొందు పగలే కనిపిస్తుంది, కాకపోతే చూడటం తెలియాలి. ఇసుక రంగులోనే ఉండి, కళ్లు నెత్తిమీద పెట్టుకుని, కింద రెండు రెక్కలు కలిసిపోయి ఏర్పడిన గిన్నెలాంటి దాని మీద ఆనుకుని కూర్చుంటుంది. ఈదదు, ఒక్క దూకు దూకి మళ్లీ కూర్చుంటుంది. నీడ పడితే కదలదు, పురుగు కదిలితే మాత్రం మన కంటికి అందదు. ఇక బొమ్మిడాయి. పగలంతా ఇసుకలో ఒళ్లు మొత్తం పాతుకుని, చిన్న తొండం లాంటి ముక్కు కొస ఒక్కటి బయటపెట్టి ఉంటుంది. ఆ తొండం చివర రెండు గొట్టాల్లాంటి ముక్కుపుటాలు ఉంటాయి, వాటితోనే రాత్రి వానపాము ఎక్కడ పడిందో వాసన పట్టి వస్తుంది. టార్చికి ఎర్ర కాగితం కట్టి చూస్తే పట్టించుకోదు, తెల్ల లైటు పడితే ఇసుకలోకి తోక ముందు పెట్టి వెనక్కి దిగిపోతుంది. ఇదంతా చూడటానికి రాత్రి తొమ్మిదింటికి గట్టు మీద బోర్లా పడుకోవాలి. మా ఆవిడ దీన్ని పిచ్చి అంటుంది. నేను ఒప్పుకుంటాను, కానీ రోజూ అదే వేళకి అదే గుండ్రంలో తిరిగే కోయిని చూడటం కంటే ఈ పిచ్చి నయం.

సరే, వీటికి ఎలాంటి చెరువు కావాలి. ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే అసలు పని మొత్తం చేప రాకముందే ఉంది.

లోతు ముందు. ఒక వైపైనా మూడున్నర నాలుగు అడుగులు ఉండాలి. వేసవిలో పైనీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడెక్కినప్పుడు అడుగు చేపలకి ఆ లోతే దిక్కు. పల్నాడులో, ఖమ్మంలో ఉన్నవాళ్లయితే ఇంకా లోతు తీసుకోండి, సగానికి పైగా నీడ ఉండేలా చూసుకోండి. ఒక పక్క వాలుగా ఉండాలి, నిట్టనిలువు గోడలు నాలుగు కట్టేస్తే తొండ పడినా, ఉడత పడినా పైకి రాలేక చస్తుంది, అదీ మీ మడ్డిలోకే చేరుతుంది. కొత్త సిమెంటు నీళ్లలోకి సున్నం వదులుతుంది, నీళ్లు సబ్బు నీళ్లలా జారుడుగా ఉన్నంతకాలం చేప వెయ్యకూడదు. మా వైపు నీళ్లు నింపి అరటి బోదె ముక్కలు వేసి కుళ్లనిచ్చి, పారబోసి, మళ్లీ నింపుతారు, ఇలా కొన్నిసార్లు చేస్తారు. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం) చూసే చిన్న కిట్ అక్వేరియం షాపులో దొరుకుతుంది, ఎనిమిదికి అటూ ఇటూ వచ్చిందాకా ఆగండి. బోరు నీళ్లయితే నేరుగా పట్టి చేపని వదలొద్దు, భూమిలోంచి వచ్చిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, ఎత్తు నుంచి పడేలా పెట్టి ఒకటి రెండు రోజులు గాలి తగలనివ్వాలి. మున్సిపాలిటీ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, దానికీ ఎండలో నిలవ ఉంచడమే.

అడుగు. మూడు నాలుగు అంగుళాల సన్నటి ఏటి ఇసుక. రోబో శాండ్ మాత్రం వద్దు. రాయి కొట్టి చేసిన ఆ ఇసుక అంచులు పదునుగా ఉంటాయి, బొమ్మిడాయి అందులో దూరితే ఒళ్లు గీసుకుపోయి పుండ్లు పడతాయి, దాని చర్మం చాలా సున్నితం. ఇసుక ఇవాళ బంగారంలా అమ్ముతున్నారని నాకూ తెలుసు, పక్కింట్లో ఇల్లు కడుతుంటే నాలుగు తట్టలు అడిగి తీసుకోండి, జల్లించి కడిగి వెయ్యండి. అంతకంటే మందంగా వేస్తే కింది పొరకి గాలి అందక నల్లబడి కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది, అది హైడ్రోజన్ సల్ఫైడ్, చేపకి విషం. ఆ ఇసుక మీద పాత పెంకులు, పగిలిన కుండలు బోర్లించి, నాలుగంగుళాల పైపు ముక్కలు. మూల ఒకచోట పొలం మట్టి నింపిన మట్టి కుండీల్లో కలువలు, వాటి ఆకులు నీటి మీద సగం దాకా పరుచుకుంటే చాలు. బాదం చెట్టు ఉంటే రాలిన ఎర్రటి ఎండుటాకులు గుప్పెడు వెయ్యండి. నీళ్లు లేత టీ రంగులోకి వస్తాయి. చాలామంది దాన్ని చూసి మురికి అని భయపడి మార్చేస్తారు, ఆ రంగు నీళ్లలోనే ఈ చేపలు ధైర్యంగా బయట తిరుగుతాయి.

ఇదంతా చేశాక అడుగు చేప వెయ్యకుండా ఒక నెల వదిలెయ్యండి. తూనీగలు గుడ్లు పెడతాయి, నత్తలు ఎక్కడినుంచో వస్తాయి, సన్న పురుగులు పడతాయి. ఇసుక రేణువుల మీద బాక్టీరియా పట్టి అమ్మోనియాని నైట్రేటుగా మార్చే పని మొదలుపెడుతుంది, ఆ నైట్రేటుని కలువలు లాక్కుంటాయి. చెరువుని శుభ్రం చేసేది ఈ ముఠానే. ఈ నెల రోజుల్లో దోమలు పెరుగుతాయని పక్కింటివాళ్లు గొడవ పెడతారు, న్యాయమే. దోమ పిల్ల నీటిపైన తలకిందులుగా వేలాడుతూ గాలి పీల్చుకుంటుంది, అడుగు చేప దాన్ని పట్టించుకోదు. కాబట్టి పైన తిరిగే చిన్న చేపలు మొదటే వెయ్యాలి. మున్సిపాలిటీవాళ్లు ఇచ్చే గంబూసియా వద్దు, 1928లో తెచ్చిన ఆ అమెరికా చేప మిగతా చేపల రెక్కలు కొరుకుతుంది, గుడ్లు తింటుంది. కాలువ అంచుల్లో గుంపుగా తిరిగే, నెత్తిన వెండి చుక్క ఉండే చిన్న చేపని చూసే ఉంటారు, దోమ పిల్లలకి అదే సరైన మొగుడు. దానితో పాటు పది పరిగెలు.

ఏ చేపలు కలిసి ఉంటాయో చెప్పే ముందు వద్దనేవి చెబుతాను. వాలుగ వద్దు, అది మనిషంత పెరిగే వేటగాడు. కొర్రమీను వద్దు, తెలంగాణ రాష్ట్ర చేప అయినా సరే, చిన్న చెరువులో మిగతా వాటినన్నిటినీ తినేసి ఒక్కటే మిగులుతుంది. ఎర్రమోసు పెరటికి సరిపోనంత పెద్దదవుతుంది. ఇంగిలాయి విషయంలో పిల్లలున్న ఇల్లయితే నేను గట్టిగా వద్దంటాను, దాని పక్క ముల్లులో విషం ఉంది, కుడితే పెద్దవాళ్లే ఏడుస్తారు. వేడి నీళ్లలో చెయ్యి పెడితే కాస్త ఉపశమనం, ఆ తర్వాత డాక్టరు. మార్పుని పెంచొచ్చు, కానీ దాని గుణం తెలుసుకుని. మొప్పల పైన చెట్టు కొమ్మల్లాంటి అవయవంతో గాలి పీలుస్తుంది, పైకి రానివ్వకపోతే నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. వాన పడిన రాత్రి పక్క ముళ్లు ఊతగా చేసుకుని గట్టు దాటి వెళ్లిపోతుంది. చుట్టూ అడుగు ఎత్తు గోడ లేకపోతే తెల్లారి కాలువలో వెతుక్కోవాలి. ఆకలేస్తే పరిగెల్ని కూడా వదలదు.

చిన్న చెరువుకి నా ఎంపిక చారల జెల్లలు, చిన్న రకం బొమ్మిడాయిలు రెండో మూడో, ఇసుక దొందు ఒక్కటి. దొందు మింగగలిగినంత చిన్న చేప దేన్నైనా మింగేస్తుంది, రెండేస్తే ఒకదాన్నొకటి తరుముకుంటాయి. వీటితో పాటు వేలెడంత కూడా పెరగని, ఇసుక వాగుల్లో ఉండే మీసాల లోచ్ చేప దొరికితే అదృష్టమే. కంటి కింద దానికి చిన్న ముల్లు ఉంటుంది, వల దారాలకి చిక్కుకుంటుంది, జాగ్రత్తగా విడిపించాలి. నీళ్లలో గాలి తగ్గితే పైకొచ్చి ఓ గుక్క మింగి పేగుతో పీల్చుకుంటుంది. దొందు ఉన్న చెరువులో ఇది మాత్రం నిలవదు, రెండిట్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి.

ఇవి షాపులో దొరకవు. దొరికినా ఎక్కడినుంచి వచ్చాయో చెప్పరు. డెల్టాలో ఉన్నవాళ్లకి మంచి సమయం వేసవిలో కాలువలు కట్టేసే రోజులు. గుంటల్లో మిగిలిన నీళ్లలో చేపలన్నీ ఇరుక్కుంటాయి, అక్కడ ఎలాగూ పట్టి అమ్ముతారు, లేకపోతే ఎండి చస్తాయి, అందులోంచి నాలుగు తెచ్చుకుంటే కాలువకి పోయేదేమీ లేదు. మా కాలువ మీద వల వేసే ఆయన నేను బొమ్మిడాయిల్ని బతికినవే కావాలని బకెట్ పట్టుకెళ్లినప్పుడు, "బతికినవే ఎందుకండీ, పులుసుకి కోసి ఇస్తాను కదా" అన్నాడు. పెంచుకోడానికి అని చెప్పాను. "వీటినా? ఇవి కనపడవు కదండీ బాబూ" అని నవ్వి, తర్వాత బకెట్లో తడి గడ్డి వేసి, మూత కట్టమని ఆయనే చెప్పాడు, మూత లేకపోతే బొమ్మిడాయి దారిలోనే జారిపోతుందట. అన్నీ చూసి పట్టిన మనిషి మాట అక్వేరియం పుస్తకం కంటే గట్టిది. కొండ వాగుల్లోంచి మాత్రం తేవొద్దు, అక్కడ చేపలే తక్కువ, పారే చల్లని నీళ్లకి అలవాటుపడ్డవి మన తొట్టిలో బతకవు కూడా.

మార్పు పేరుతో ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పిల్లలు అంటగట్టే ప్రమాదం ఒకటుంది. దాని పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించింది, అయినా చాటుగా పెంచడం, పట్టుబడటం వార్తల్లో చూస్తూనే ఉన్నాం. అది మీటరు దాటి పెరుగుతుంది, ఏదైనా తింటుంది. పిల్లలుగా ఉన్నప్పుడు రెంటికీ తేడా పట్టడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. గుర్తుపట్టలేకపోతే కొనొద్దు, అంతే. ఏ చేప తెచ్చినా మూడు వారాలు వేరే తొట్టిలో ఉంచి చూడండి. 1988లో మన దేశంలోకి వచ్చిన పుండ్ల వ్యాధి, ఒంటి మీద ఎర్రటి మచ్చలతో మొదలై గుంటలు పడేది, మట్టగిడసలకీ, పరిగెలకీ, అడుగు చేపలకీ ఎక్కువగా వస్తుంది, చలికాలంలో మరీను.

మేత గురించి ఒక్క మాట. మధ్యాహ్నం పైన చల్లే తేలే గుళికలు అడుగు చేపకి అందవు, పరిగెలు తినేస్తాయి. చీకటి పడ్డాక, దీపాలార్పాక, తరిగిన వానపాములు, చిన్న రొయ్య ముక్కలు, అదీ కొద్దిగా. తవుడు సంచిలో పోసి కర్రకి కట్టడం ఎకరాల చెరువుల పద్ధతి, పెరట్లో అలా చేస్తే వారంలో నీళ్లు పుల్లబడతాయి. బొమ్మిడాయి కొత్తలో పది రోజులు ఏమీ తిననట్టే ఉంటుంది. టెన్షన్ పడి ఇంకా ఇంకా వెయ్యకండి.

చేపలు చచ్చేది ఎక్కువగా తెల్లవారుజామున. రాత్రంతా నాచు, మొక్కలు, చేపలు, బాక్టీరియా అన్నీ కలిసి ఆక్సిజన్ వాడేస్తాయి, సూర్యోదయానికి ముందు అడుగున ఏమీ మిగలదు. ఎండాకాలం చివర పడే మొదటి పెద్ద వాన ఇంకా ప్రమాదం, చల్లని వాన నీళ్లు కిందికి దిగి, అడుగున ఉన్న చెడ్డ నీళ్లు పైకి తిరగబడతాయి. అలాంటి రాత్రి కరెంటు పోవడం మనకి ఆనవాయితీ, కాబట్టి బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి దగ్గరుంచుకోండి. జెల్లలు పగలే పైకొచ్చి నోరు తెరుస్తున్నాయంటే చాలా ఆలస్యమైందని అర్థం, సగం నీళ్లు మార్చే పని అప్పుడే చెయ్యాలి, రేపటికి కాదు.

నాటు చేపల మిత్రులతో నాకు ఇంకో తగువు ఉంది. పెరట్లో నాలుగు జెల్లలు పెంచి జాతిని కాపాడుతున్నామంటారు. ఏమీ కాపాడటం లేదు. కాలువలో నీళ్లు ఏడాదంతా ఉండి, పొలం మందు అందులో కలవకుండా ఉంటేనే ఆ జాతి బతుకుతుంది, మన తొట్టి దానికి ప్రత్యామ్నాయం కాదు. పెంచినవి పెరిగాయి కదా అని తిరిగి కాలువలో వదలడం కూడా మంచిపనేం కాదు, మన నీళ్లలో పట్టిన జబ్బుని కూడా దాంతో పాటు పంపుతాం. పెరటి చెరువు వల్ల వచ్చే లాభం చిన్నది, కానీ నిజమైనది. ఇసుక దొందుని ఒకసారి దగ్గరగా చూసిన పిల్లవాడు, ఊరి బోదెలో షాంపూ కవర్లు అడ్డం పడినప్పుడు దాని కింద ఎవరున్నారో తెలిసి చూస్తాడు. మా పక్కింటి కుర్రాడు ఇప్పుడు కాలువ గట్టున ఆగి, ఏది జెల్లో ఏది మార్పో నాకు చూపిస్తున్నాడు, సగం తప్పే అనుకోండి.

ఇంతకీ మడ్డి సంగతి, అందరూ అడిగే మొదటి ప్రశ్న. చేపకి అప్పగించని పనిని మనమే చెయ్యాలి. ఏడాదికోసారి, చలి తగ్గాక ఎండలు ముదరకముందు, నీళ్లు మూడోవంతు తోడి, అడుగున సగం వైపు పైపొరని మాత్రమే చేట్లోకి ఎత్తాలి, రెండో సగాన్ని మరుసటేడు. మొత్తం ఒకేసారి కడిగేస్తే ఆ పురుగులూ బాక్టీరియా అన్నీ పోయి మళ్లీ మొదటికొస్తుంది. ఎత్తిన మడ్డిని తిన్నగా కొబ్బరి చెట్టు మొదట్లో పొయ్యకుండా ముందు ఒక వెడల్పాటి బేసిన్‌లో వేసి, నీళ్లు కలిపి, చేతికి గట్టి గ్లౌజు తొడుక్కుని వెతకండి. బొమ్మిడాయి పిల్లో, లోచో అందులో తప్పకుండా ఒకటి ఉంటుంది.